వంటింటి కింద ప్లాట్‌ఫారం

మా మామయ్యగారు ముప్పై ఒక్క ఏళ్ళు మునిసిపల్ ఆఫీసు సర్వే విభాగంలో చైన్‌మన్‌గా పనిచేశారు. చైన్‌మన్ అంటే కొలిచే గొలుసుకు ఒక చివర పట్టుకుని నిలబడే మనిషి. రెండో చివర సర్వేయరు ఉంటాడు. కాగితమూ కలమూ కూడా ఆ చివరే ఉంటాయి. ముళ్ళకంపలోకీ, మురుగుకాలవలోకీ, కుక్కను కట్టేసిన పెరట్లోకీ దిగాల్సింది మాత్రం ఈ చివర మనిషే. ఊళ్ళో ఎవరి గోడ ఎవరి స్థలంలోకి ఎన్ని అంగుళాలు జరిగిందో ఆయనకు కంఠోపాఠం. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. గొలుసులు పోయి టేపులు వచ్చాయి. టేపులు పోయి, గోడమీద ఎర్రచుక్క వేసి దూరం చెప్పే మిషన్లు వచ్చాయి. ఊరు మాత్రం ఆయనను గొలుసాయన అనే పిలిచింది.

రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు ఒక గోడగడియారం బహూకరించారు. అది రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడేది. మామయ్యగారు నెలరోజులపాటు ఆ వెనకబాటును రాసిపెట్టి, కాగితంతో సహా గడియారాన్ని ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించారు. హెడ్‌క్లర్కు కాగితం చదివి, ఇక మీకు టైముతో పనేముందండీ అని నవ్వి పంపించేశాడట.

ఉద్యోగం పోయింది గానీ కొలిచే అలవాటు పోలేదు. ఇంట్లో ఉన్నవాటినే కొలవడం మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, పొయ్యిగట్టు గుమ్మంవైపు అరంగుళం వాలి ఉందని ప్రకటించారు. అత్తయ్యగారు తల కూడా తిప్పలేదు.

"ఇరవయ్యారేళ్ళుగా దాని మీదే వండుతున్నాను. ఒక్క గిన్నె కూడా నడిచి వెళ్ళిపోలేదు" అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి మునిసిపాలిటీకి ఒక సర్క్యులర్ వచ్చింది. వారసత్వ సంపద ఉన్న పట్టణాల జాబితా తయారవుతోందనీ, మీ ఊళ్ళో ఏముందో రెండు నెలల్లో తెలపాలనీ. మావాళ్ళు వెతికారు. కోట లేదు. యుద్ధమేదీ మా దారిన రాలేదు. గొప్పవాళ్ళెవరైనా పుట్టారేమోనని చూస్తే, అలాంటి ఫిర్యాదేదీ రికార్డుల్లో లేదు. చివరికి ఎవరికో పాత చిన్నరైలు గుర్తొచ్చింది.

అది నలభై ఎనిమిదేళ్ళ కిందట మూసేసిన లైను. ఆ చివర రాతి క్వారీ, ఈ చివర మా ఊరి మిల్లు, మధ్య నలభై ఒక్క కిలోమీటర్లు, ఏడు స్టేషన్లు. పట్టాల మధ్య దూరం ఒక బారెడు కూడా ఉండేది కాదు. పొద్దున ఒకసారి వెళ్ళి సాయంత్రం ఒకసారి వచ్చేది. ప్రయాణం మూడు గంటలు. ఎక్కేటప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళు దిగేటప్పటికి బంధువులైపోయేవాళ్ళట. పన్నెండేళ్ళు వచ్చేదాకా మామయ్యగారు దాంట్లోనే బడికి వెళ్ళారు. నష్టాలొస్తున్నాయని లైను మూసేసిన రోజున ఊరంతా స్టేషనుకు వచ్చి ఏడ్చింది. మర్నాటి నుంచి ఊరంతా స్టేషనుకు వచ్చి అందినకాడికి పట్టుకెళ్ళింది.

రైలు దొరికింది కాబట్టి కమిటీ వేశారు. మునిసిపల్ చైర్మన్ అధ్యక్షుడు. కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరూ, పత్రికా విలేకరీ సభ్యులు. మొదటి సమావేశంలోనే ఒక చిక్కు వచ్చిపడింది. లైను ఎక్కడినుంచి ఎక్కడికి పోయేదో చూపించే మ్యాపులు ఆఫీసులో లేవు. ఎప్పుడో ఒక కేసు కోసం ఎవరో తీసుకెళ్ళారు. కేసు ముగిసింది, తీసుకెళ్ళినవాడూ ముగిశాడు, మ్యాపులు మాత్రం రాలేదు. అప్పుడు కమిటీ దృష్టి మామయ్యగారి మీద పడింది. ఆయనకు ఊరు తెలుసు, తీరిక ఉంది, టీ ఇస్తే చాలు. 'గౌరవ పరిశోధకుడు' అని ఒక కాగితం టైపు చేసి చేతిలో పెట్టారు.

ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన మనిషిని నేను మర్చిపోలేను. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళారు. వచ్చి కుర్చీలో కూర్చుని, మెల్లగా, మ్యాపు నన్నే గీయమన్నారు అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చేతికి ఎవరూ కలం ఇవ్వలేదు మరి.

నేను మందులషాపులో పనిచేసేదాన్ని. ఆ షాపు మూతబడి ఇంట్లోనే ఉన్నాను. మా ఆయనకు నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు ఉద్యోగం. షిఫ్టులు కాబట్టి పగలు నిద్రపోయేవాడు. కాబట్టి టేపుకు రెండో చివర పట్టుకునే అదృష్టం నాకు దక్కింది. మొదటిరోజు మిల్లు గేటు దగ్గర టేపు కొస నా చేతిలో పెట్టి, "నువ్వు సున్నా పట్టుకో అమ్మా, కదలకు" అన్నారు. తాను అవతలికి నడిచి, నోటుబుక్కు తెరిచి, మొదటి అంకె వేశారు. ఆ అంకె వంకరగా పడింది. పేజీ చింపి మళ్ళీ వేశారు.

లేని లైనును ఎలా పట్టుకుంటారా అనుకున్నాను. అదేమంత కష్టం కాదట. రైలు మనుషుల్లా ఉన్నట్టుండి మలుపు తిరగలేదు. నిట్టనిలువుగా ఎగబాకలేదు. కాబట్టి మెల్లగా వంగుతూ, మెల్లగా ఎక్కుతూ పోయే దారి ఎక్కడుందో వెతకాలి. మా ఊరి మట్టి ఎర్రన. లైను కింద పోసిన కంకర క్వారీది, నీలపు రంగు. ఇంటి పునాదులు తవ్వినచోట, కుళాయి గోతుల్లో, ఆ నీలిరాళ్ళూ కాలిన బొగ్గుముక్కలూ కనిపిస్తే రైలు అక్కడినుంచి పోయినట్టే. ఊళ్ళో వీధులన్నీ తిన్నగా ఉంటే ఒక్క వీధి మాత్రం కొడవలిలా వంగి ఉంటుంది. అది తాగి వేసిన ప్లాను అని మేమంతా నవ్వుకునేవాళ్ళం. అది రైలు మలుపు. పట్టాలు పీకేశాక, ఆ వంపు మీదే వరసగా ఇళ్ళు లేచాయి.

పట్టాలెక్కడికి పోయాయో కూడా పదిరోజుల్లో తెలిసిపోయింది. గుమ్మాలమీద దూలాలుగా, పందిళ్ళకు గుంజలుగా, షట్టర్లకు అడ్డగడియలుగా ఊరంతా నిలబడి ఉన్నాయి. స్లీపరు దుంగలు తలుపులయ్యాయి, మంచాలయ్యాయి. సిగ్నలు స్తంభం బడి ఆవరణలో జెండాకర్ర అయింది. గార్డుల విశ్రాంతి గది విలేకరి గారి ప్రింటింగ్ ప్రెస్. లెక్చరరు గారి పెరట్లో పూలకుండీలు పెట్టుకున్న ఇనప బెంచీ వెనకవైపు, మూడు కోట్ల రంగు కిందనుంచి స్టేషను పేరు ఇంకా తొంగిచూస్తోంది. స్టేషను యార్డు ఉన్నచోట చైర్మన్ గారి మూడంతస్తుల భవనం ఉంది. టికెట్లిచ్చే కిటికీ ఊచలతో సహా ఆయన మేడమీదికి ఎక్కి, గాలి కోసం తెరుచుకుని ఉంది.

వీళ్ళలో ఒక్కరూ ఒప్పుకుంటే ఒట్టు. ఆ బెంచీ మా తాతగారిదని లెక్చరరు అన్నాడు. తాతగారు స్టేషను మాస్టరా అని మామయ్యగారు అమాయకంగా అడిగారు. కాదు, ఆయన వ్యవసాయం చేసేవాడు అని జవాబు వచ్చింది. పిండిమర నడిపే ఆవిడ పెరట్లో, ఒకటి అంకె చెక్కిన మైలురాయి మీద బట్టలు ఉతుకుతోంది. మామయ్యగారు ఆ అంకె చూపించి ఇది రైలుదమ్మా అన్నారు.

"మా అత్తగారు కాపురానికి వచ్చినప్పటినుంచీ ఉందండీ ఈ రాయి. రైలే దీని తర్వాత వచ్చుంటుంది" అంది ఆవిడ. ఉతికిన దుప్పటి దానిమీద పరిచి అంకెను కప్పేసింది.

మామయ్యగారు ఎవరితోనూ వాదించలేదు. అన్నీ రాసుకున్నారు. ఊళ్ళో మూడు కిలోమీటర్ల మేర లైను మొత్తం కాగితం మీదికి వచ్చింది, వాగు వంతెన దగ్గరి ఒక ముక్క తప్ప. అక్కడ గేటు హాల్టు అని ఒక చిన్న ఆగుడు ఉండేది. చిన్నప్పుడు ఆయన బడికి దిగింది అక్కడే. కానీ బడీ పోయింది, గేటూ పోయింది, చుట్టూ ఇళ్ళు లేచి ఏది ఎక్కడో పోల్చుకోవడానికి వీల్లేకుండా పోయింది.

దానికోసం చివరి స్టేషను మాస్టరును వెతికి పట్టుకున్నాం. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. కూతురు దగ్గర, సైకిల్ షాపు మీది గదిలో ఉంటున్నాడు. మేము గుమ్మంలో నిలబడగానే ఎక్కడికి అని అడిగాడు. మాట్లాడటానికి వచ్చామంటే నిరాశపడ్డాడు. లైను మొత్తం పొడవును అడుగులతో సహా అప్పజెప్పి, దాన్ని మూసేసిన అధికారులను పేరుపేరునా అరగంట తిట్టాడు. అందులో ముగ్గురు పోయారని కూతురు చెబితే, కాస్త తేరుకుని నాకు కుర్చీ చూపించాడు. గేటు హాల్టు సంగతి అడగ్గానే ఆలోచించకుండా చెప్పాడు.

"వంతెన దిమ్మె నుంచి సరిగ్గా పది గొలుసులు. నలభై అడుగుల ప్లాట్‌ఫారం. అంచుకు సున్నం నేనే కొట్టించేవాణ్ణి. మీకెందుకు అది?"

గొలుసు అంటే అరవై ఆరు అడుగులు. ఆ మాట ఆఫీసులో వినబడక పాతికేళ్ళయింది. మామయ్యగారి మొహం వెలిగిపోయింది. పెద్దాయనకు రెండు చేతులూ జోడించి దండంపెట్టి బయటికి వచ్చారు. మెట్లు దిగుతూ పది గొలుసులు, పది గొలుసులు అనుకుంటూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున వంతెన దిమ్మె దగ్గర నేను సున్నా పట్టుకున్నాను. ఒక్కో గొలుసు దూరానికి ఒక మేకు కొట్టుకుంటూ బయలుదేరాం. సందులోంచి, పక్కింటి పెరట్లోంచి, పక్కింటివాళ్ళ కోళ్ళగూడు పక్కనుంచి పోయాం. తొమ్మిదో మేకు మా ప్రహరీగోడ పక్కన పడింది. మామయ్యగారు ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పదో గొలుసు మా వంటింట్లో పొయ్యిగట్టు కింద ముగిసింది.

ఎక్కడో తప్పు జరిగిందన్నారు. మళ్ళీ వంతెన దగ్గరికి వెళ్ళి మళ్ళీ వచ్చాం. మళ్ళీ పొయ్యే. మూడోసారి వచ్చేటప్పటికి అత్తయ్యగారు నేలమీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. టేపు పోవడానికి మోకాలు కాస్త జరిపి, తన పని తాను చేసుకున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్యగారు గునపం తెచ్చి, గట్టు పక్కనున్న రెండు బండలు లేపారు. కింద జానెడు లోతున ఇటుకల అంచు, దానిమీద సున్నం పూత, అవతల నీలికంకర.

ఆ ఇల్లు ఇరవయ్యారేళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నది. రిజిస్ట్రేషను కాగితాలున్నాయి. కాగితాల మీద నాలుగు సీళ్ళున్నాయి. రైలు స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్మేటప్పుడు కాంట్రాక్టరు సీళ్ళ దగ్గర లోటు చెయ్యలేదు. అందరి స్థలాలూ కొలిచిన మనిషి తన స్థలం కొలుచుకోలేదు. అమ్మినవాడి మాట మీద నమ్మకం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో సమావేశం జరిగింది. కమిటీ సమావేశాలకన్నా ఇదే సూటిగా సాగింది.

"నలభై ఒక్క కిలోమీటర్ల లైను. దానికి నా వంటిల్లే దొరికిందా?" అన్నారు అత్తయ్యగారు.

మా ఆయన నిద్రకళ్ళతో మ్యాపు చూసి, గీతను ఒక నాలుగు మీటర్లు పక్కకు జరపమన్నాడు. అవతల ఖాళీస్థలమేగా, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. నాకూ అదే సబబనిపించి, అవును మామయ్యగారూ అన్నాను.

"నాలుగు మీటర్లు జరిపితే రైలు వంతెన ఎక్కదురా. వాగులో పడుతుంది."

"ఆ రైలు లేదుగా నాన్నా."

"లేకపోయినా పడకూడదు."

దాంతో సమావేశం ముగిసింది. అత్తయ్యగారు లేచి వెళ్ళి, లేపిన బండలమీద నీళ్ళబిందె పెట్టేశారు.

మామయ్యగారు పెద్ద ట్రేసింగ్ కాగితం కొనుక్కొచ్చి, మూడువారాలు కూర్చుని మ్యాపు గీశారు. పక్కన జాబితా. లైను మీదున్న కట్టడాలు అరవై మూడు. ఒకటో నంబరు చైర్మన్ గారి భవనం. ఇరవై ఏడో నంబరు 'ఈ నివేదిక రాసినవాని వంటిల్లు.' కమిటీ ముందు కాగితం విప్పి, నాలుగు మూలలా టీ గ్లాసులు బరువు పెట్టి, సున్నా నుంచి మొదలుపెట్టి చదివారు. నేను గది బయట బల్ల మీద కూర్చుని విన్నాను. మొదట్లో లోపల కుర్చీలు కిర్రుమన్నాయి. చైర్మన్ గొంతు సవరించుకుని, పరిశోధన చాలా లోతుగా ఉందన్నాడు. లెక్చరరు, లోతు సరే గానీ పద్ధతి శాస్త్రీయమేనా అన్నాడు. విలేకరి, స్థలాభావం వల్ల వివరాలన్నీ వెయ్యడం కుదరకపోవచ్చన్నాడు.

పదిహేను రోజులకు తీర్మానం కాపీ ఇంటికి వచ్చింది. అరవై రెండు చోట్ల ఆధారాలు చాలవు కాబట్టి మరింత అధ్యయనం అవసరమనీ, ఇరవై ఏడో చోటును యజమాని స్వయంగా ఒప్పుకున్నారు కాబట్టి దాన్ని రక్షిత అవశేషంగా ప్రకటించడమైనదనీ అందులో ఉంది. ఊరి వారసత్వ సంపద మొత్తం మా వంటిల్లే అయి కూర్చుంది.

గోడకు నీలం బోర్డు పెట్టారు. లోపల మేకు కొట్టరాదు, రంగు వేయరాదు, తవ్వరాదు, నిప్పు రాజేయరాదు. వంటింట్లో నిప్పు రాజేయకూడదన్న రూలు ఎవరు రాశారో గానీ, ఆయనకు భోజనం ఎవరో వండిపెట్టేవాళ్ళే ఉండుంటారు. పొయ్యి వరండాలోకి మారింది. ప్రారంభోత్సవం రోజున చైర్మన్ వంటింటి గుమ్మానికి కట్టిన రిబ్బను కత్తిరించి, మన వారసత్వం కోసం సామాన్యులు త్యాగాలు చేయాలని ప్రసంగించాడు. అత్తయ్యగారు వరండాలో పొయ్యి ఊదుకుంటూ విన్నారు.

నెలకోసారి ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. మొదటి తనిఖీలో, రక్షిత కట్టడంలో ఉప్పుడబ్బా ఒకటి, జల్లెడ ఒకటి, అట్లకాడ ఒకటి అక్రమంగా ఉన్నట్టు రాసుకుని, మామయ్యగారి చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆయన నమ్రతగా సంతకం పెట్టి, జల్లెడలు రెండు అని సరిదిద్దారు.

సందర్శకులూ మొదలయ్యారు. బడిపిల్లలూ, పాత రైళ్ళంటే పిచ్చి ఉన్నవాళ్ళూ దూరాలనుంచి వచ్చేవాళ్ళు. మామయ్యగారు వాళ్ళకు గొలుసుల లెక్కా, వాలు లెక్కా చెప్పేవారు. రెండు నిమిషాల్లో అందరూ ఆవలించేవాళ్ళు. ఒకసారి ఆయన బయటికి వెళ్ళినప్పుడు వచ్చినవాళ్ళకు అత్తయ్యగారు చెప్పాల్సి వచ్చింది. ఆవిడకు రైలు గురించి తెలిసింది సున్నా. అందువల్ల ఏ ఇబ్బందీ లేకుండా చెప్పుకుపోయారు. ఇక్కడే ఒకావిడ మొగుడి మీద అలిగి రైలు దిగిపోయిందనీ, ఆయన వచ్చి బతిమాలేదాకా డ్రైవరు రైలును ఆపేశాడనీ, ఎక్కినవాళ్ళంతా దిగి ఆయనకు చీవాట్లు పెట్టారనీ. వచ్చినవాళ్ళు ఆ ఇటుకల అంచును తడిమి తడిమి చూశారు. ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాతినుంచి వచ్చినవాళ్ళంతా ఆ అలిగినావిడ ఎక్కడ నిలబడిందని అడగడం మొదలుపెట్టారు.

మామయ్యగారు తట్టుకోలేకపోయారు. అలాంటిదేమీ జరగలేదని అందరి ముందూ అన్నారు.

"మీరు చూశారా జరగలేదని?" అన్నారు అత్తయ్యగారు.

మామయ్యగారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళి వరండాలో కూర్చున్నారు.

ఇలా ఏడాది గడిచింది. అప్పుడు రోడ్ల శాఖ నుంచి మేముండే ఆ కొడవలి వంపు వీధికి నోటీసులు వచ్చాయి. వీధి వెడల్పు చేస్తారట. రెండువైపులా పన్నెండు అడుగులు కొట్టేస్తారట. కొలిచి గోడలమీద ఎర్ర గుర్తులు పెట్టారు. చైర్మన్ గారి భవనం ముందుభాగం, ప్రెస్సు, లెక్చరరు ఇంటి వరండా, పిండిమర సగం అన్నీ గుర్తుల్లోకి వచ్చాయి. గుర్తు పడనిది మా ఇంటికి ఒక్కదానికే. రక్షిత అవశేషాన్ని ముట్టుకోకూడదు కదా.

ఆ సంగతి ఊరికి అర్థం కావడానికి ఒకపూట పట్టింది. మర్నాడు పొద్దున్న మా గుమ్మం ముందు వరస కట్టారు. పిండిమర ఆవిడ మైలురాయిని రిక్షాలో వేయించుకుని తెచ్చి, ఇది రైలుదేనండీ, మా అత్తగారు చచ్చేముందు నాతో చెప్పింది అంది. లెక్చరరు బెంచీకి రంగు గీకించి, స్టేషను పేరు మెరిసేలా నూనె రాయించి ఫొటో తెచ్చాడు. గుమ్మాలమీద సిమెంటు పూసి దాచిన పట్టాలను జనం ఉలితో చెక్కి బయటపెట్టారు. లైనుకు అరమైలు దూరంలో ఉన్నవాళ్ళు కూడా వచ్చారు. ఒకాయన తన స్నానాలగదిలో ఈల వినబడుతుందన్నాడు. చివర్న చైర్మన్ స్వయంగా వచ్చాడు. అదివరకు ఆధారాలు చాలలేదు గానీ ఇప్పుడు తమ భవనంలోనే బోలెడు దొరికాయన్నాడు. తన బావమరిది హోటలు కూడా లైను మీదే ఉన్నట్టు తనకు చిన్నప్పటి జ్ఞాపకం ఉందన్నాడు.

మామయ్యగారు బీరువాలోంచి ట్రేసింగ్ కాగితం తీసి విప్పారు.

"అరవై మూడు సార్. అప్పుడూ ఇదే కాగితం, ఇప్పుడూ ఇదే. మీ భవనం ఒకటో నంబరు. హోటలు లేదు."

"కాస్త వంచలేరా గొలుసాయనా?"

"వంగదు సార్. ఇనుము."

చైర్మన్ నవ్వేసి, కాగితం చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాడు. కమిటీ రెండు నెలల్లో అధికారిక మ్యాపుతో ఒక పుస్తకం అచ్చువేసింది. దాని ప్రకారం రైలు ఊళ్ళో పదకొండు మెలికలు తిరుగుతుంది. మూడుచోట్ల తన్ను తానే దాటుకుంటుంది. హోటలు దగ్గర కుడివైపుకు నిలువునా మళ్ళి, మేడమెట్లు ఎక్కి, స్నానాలగదిలో ఈల వినబడే ఆయన ఇంటిమీదుగా దిగుతుంది. రక్షిత కట్టడాలు నూట పద్దెనిమిది. రచన లెక్చరరు. చివరి పేజీలో సన్నటి అక్షరాలతో, కొలతలలో సహకరించినవారు అని ఒక వరస ఉంది. అందులో మామయ్యగారు మూడోవారు. మొదటి ఇద్దరూ ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు.

రోడ్ల శాఖవాళ్ళు ఆ మ్యాపు చూసి, వెడల్పు చెయ్యడానికి వీధిలో ఎక్కడా చోటు లేదని చేతులు దులుపుకున్నారు. ఈరోజుకీ మా వీధిలో రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పైవాళ్ళు మా ఊరిని జాబితాలో చేర్చారు. పొయ్యిని అత్తయ్యగారు ఒకరోజు పొద్దున మాటామంతీ లేకుండా లోపల పెట్టేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చి, దానిమీద కాచిన టీ తాగి, ఉల్లంఘనలేవీ లేవని రాసుకుని వెళ్ళాడు. నూట పద్దెనిమిది ఇళ్ళు తిరిగేసరికి అతనికీ ఓపిక అయిపోయింది.

ఆ పుస్తకం చూసిన రోజున మామయ్యగారు అన్నం సరిగా తినలేదు. మెలికల గురించి బాధపడుతున్నారేమో అనుకున్నాను. అది కాదట. ఊళ్ళో మూడు కిలోమీటర్లే గీశాం, ఊరి బయట ముప్పై ఎనిమిది కిలోమీటర్లు అలాగే ఉండిపోయాయి అన్నారు. అక్కడ ఎవరి ఇళ్ళూ లేవు. కాపాడుకోవలసినవాళ్ళూ, దాచుకోవలసినవాళ్ళూ లేరు. కాబట్టి కమిటీకి ఆ భాగంతో పనిలేదు.

అప్పటికి నాకు మళ్ళీ మందులషాపులో పని దొరికింది. తోడు ఎవరొస్తారని ఆయన అడగలేదు. అత్తయ్యగారే ఒకరోజు చెప్పులు వేసుకుని బయలుదేరారు. ఎక్కడికని అడిగితే, ఈయన ఒక్కడే పోతే ఏ తూములో పడతాడో అన్నారు. రెండు చలికాలాలు పట్టింది. వారానికి రెండు రోజులు, ఆ రోజుకు ఎంత వీలైతే అంత. పొలాల మధ్య ఎత్తైన కట్టలు, పొదల్లో మునిగిపోయిన కల్వర్టులు, పైకప్పు లేని రెండు స్టేషన్లు దొరికాయి. ఒకచోట పట్టాలే దొరికాయి, పద్నాలుగు అడుగులు, ఎవరూ మొయ్యలేక వదిలేసినవి. ఒక్కొక్కటీ ఆయన కొత్తగా మొదలుపెట్టిన మ్యాపులోకి ఎక్కింది. కనిపించిన రైతుకల్లా అత్తయ్యగారు అలిగినావిడ కథ చెప్పారు. ఆయన వద్దనడం మానేశారు.

చివరిరోజున నేను కూడా సెలవు పెట్టి వెళ్ళాను. క్వారీ ఎప్పుడో మూతబడింది. పెద్ద గొయ్యి, దాని నిండా పచ్చటి నీళ్ళు. గట్టుమీద లైను ముగిసినచోట, బండ్లు దాటిపోకుండా అడ్డం కట్టిన రాతిదిమ్మె ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. మామయ్యగారు ఆఖరి అంకె వేసి, మొత్తం కూడారు. స్టేషను మాస్టరు చెప్పిన లెక్కకూ ఆయన లెక్కకూ నలభై ఒక్క కిలోమీటర్లలో తేడా ఏడు అడుగులు. మళ్ళీ కూడారు. ఏడే. నోటుబుక్కు మూసి దిమ్మె మీద కూర్చున్నారు.

"ఇంకా ముందుకు పోలేదా ఇది?" అని అడిగారు అత్తయ్యగారు.

"లేదు. ఇక్కడితో ఆపేశారు."

"మంచిపని చేశారు. నా కాళ్ళు పట్టేశాయి" అని ఆవిడ పక్కన చోటు చేసుకుని కూర్చున్నారు.

నీళ్ళవైపు చూస్తూ వాళ్ళిద్దరూ చాలాసేపు అక్కడే ఉన్నారు. తర్వాత గట్టు దిగి రోడ్డుమీదికి వచ్చి, బస్సెక్కి యాభై నిమిషాల్లో ఇంటికి చేరుకున్నాం.